సీటు దొరికింది, చోటు దొరకాలి

(కాలేజీల్లో మన భద్రత, మన స్థానం – ఒక పరిశీలన)



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు మొదట "చదువు ప్రాముఖ్యత" మీద రాద్దామనుకున్నాను. ఆ మాట మనకు ప్రతి ఆగస్టు 15కూ, ప్రతి ఏప్రిల్ 14కూ ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. బాగా చదువుకొని పెద్ద కాలేజీకి వెళ్ళమని చెప్పేవాళ్ళు చాలామంది. వెళ్ళాక అక్కడ ఏం జరుగుతుందో చెప్పేవాళ్ళు తక్కువ. నాకు ఎవరూ చెప్పలేదు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాణ్ణి నేనే కాబట్టి ఇంట్లో అడగడానికీ ఎవరూ లేరు. అందుకే నాకు ఆలస్యంగా తెలిసిన సంగతులు మీకు ముందుగా తెలియాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

బరోడాలో జరిగిన కథ

బాబాసాహెబ్ అంబేడ్కర్ చిన్నప్పుడు బడిలో విడిగా గోనెపట్టా మీద కూర్చున్నారని, నౌకరు పోస్తేనే నీళ్ళు తాగారని మనకు తెలుసు. ఆ తర్వాత జరిగిన ఒక సంగతి మన సభల్లో అంతగా చెప్పరు.

1913లో ఆయన అమెరికా వెళ్ళి కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివారు. అక్కడి నుంచి లండన్ వెళ్ళారు. 1917లో తిరిగివచ్చి బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరారు. ఉద్యోగం ఉంది, కానీ ఉండడానికి గది లేదు. హిందూ హోటళ్ళలో రానివ్వరు. చివరికి ఒక పార్శీ సత్రంలో పార్శీ పేరు చెప్పి దిగారు. కొద్ది రోజులకే సంగతి బయటపడింది. కొంతమంది కర్రలు పట్టుకొని వచ్చి ఖాళీ చేయమన్నారు. అంత చదువు చదివిన మనిషి ఆ రోజు ఒక తోటలో చెట్టు కింద కూర్చొని రైలు వేళ కోసం ఎదురుచూడవలసి వచ్చింది.

ఈ కథలో రెండు విషయాలు గమనించండి. మొదటిది, చదువు రాగానే చోటు దానంతట అది దొరకదు. రెండవది, అంతటి మహనీయుడు కూడా ఒకసారి తలదాచుకోవడం కోసం పేరు దాచుకోవలసి వచ్చింది. ఈ రెండో విషయం నాకు ఎందుకు ముఖ్యమో తర్వాత చెబుతాను.

భద్రత అంటే దెబ్బలు పడకపోవడమేనా?

అల్పసంఖ్యాకులు అనగానే మతం ఒక్కటే గుర్తుకొస్తుంది. కానీ ఎవరు తక్కువ, ఎవరు ఎక్కువ అనేది మనం నిలబడిన చోటును బట్టి ఉంటుంది. మా వాడలో నేను అందరిలో ఒకణ్ణి. మన హాస్టల్లో కూడా అందరిలో ఒకణ్ణే. అదే నేను డిగ్రీ కాలేజీలో చేరిన రోజు, క్లాసులో నలభై మందికి పైగా ఉంటే, మావంటి ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు నలుగురో ఐదుగురో. ఒక లంబాడా అబ్బాయి, ఒక ముస్లిం అమ్మాయి, మేము. ఆ గదిలో మేమే అల్పసంఖ్యాకులం.

భద్రతను మూడు మెట్లుగా అర్థం చేసుకోవచ్చు. ఒంటి మీద ఎవరూ చెయ్యి వేయకపోవడం మొదటి మెట్టు. నోటితో ఎవరూ అవమానించకపోవడం రెండవ మెట్టు. అర్థం కానప్పుడు చెయ్యి ఎత్తి "సార్, ఇంకోసారి చెప్పండి" అని అడిగే ధైర్యం ఉండడం, ఎక్కడి నుంచి వచ్చావంటే ఉన్నమాట చెప్పగలగడం మూడవ మెట్టు. మొదటి రెండు ఉన్నా మూడవది లేకపోతే ఆ విద్యార్థి క్లాసులో కూర్చున్నట్టే ఉంటాడు గానీ అక్కడ ఉండడు. సగం బుద్ధి పాఠం మీద, సగం బుద్ధి "ఎవరేమనుకుంటారో" అన్నదాని మీద. ఒక చేత్తో బరువు మోస్తూ ఇంకో చేత్తో పరీక్ష రాసినట్టన్నమాట. తర్వాత మార్కులు తగ్గితే మాత్రం మన తెలివికే లెక్క కడతారు.

నేను చూసినవి

నన్ను ఎవరూ కొట్టలేదు. కులం పేరు పెట్టి తిట్టినవారూ లేరు. జరిగినవి చిన్నచిన్న సంగతులు.

మొదటి వారంలో అందరూ అడిగే ప్రశ్నలు రెండు. "నీ పూర్తి పేరేంటి?" అంటారు. చెబితే "ఇంటిపేరు?" అంటారు. అది చాలకపోతే "ఊళ్ళో మీ ఇల్లు ఎటువైపు?" అంటారు. రెండో ప్రశ్న "ర్యాంకు ఎంత?". ర్యాంకు అడిగేది లెక్క తెలుసుకోవడానికి కాదని నాకు కొంతకాలానికి అర్థమైంది.

రెండో సంగతి. ఒకరోజు పాఠం మధ్యలో ఆఫీసు గుమాస్తా తలుపు దగ్గరికి వచ్చి, "ఎస్సీ, ఎస్టీ స్కాలర్‌షిప్ వాళ్ళు లేచి నిలబడండి, కాగితాల్లో తేడాలున్నాయి" అని గట్టిగా అన్నాడు. లేచాం. తర్వాత కూర్చున్నాం. లెక్చరర్ గారు పాఠం మొదలుపెట్టారు. బోర్డు మీద రాసింది ఆ రోజు నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. మరుసటి రోజు నా బెంచీలో కూర్చునే అబ్బాయి ముందు బెంచీకి మారాడు. అడిగితే బోర్డు కనపడటం లేదన్నాడు. నిజమే అయివుండవచ్చు. నిజమో కాదో తేల్చుకోలేక రోజుల తరబడి ఆలోచిస్తూ ఉండడమే ఇందులోని బాధ.

మూడోది కెమిస్ట్రీ ల్యాబులో. జతలుగా చేయాలి, జత ఎవరికి వారే ఎంచుకోవచ్చు అన్నారు. అందరికీ జతలు కుదిరాక మేం ఇద్దరం మిగిలాం. మమ్మల్ని ముగ్గురుండే జట్లలో చెరొకదానిలో వేశారు. బ్యూరెట్టు వాళ్ళు పట్టుకునేవాళ్ళు, రీడింగులు నేను రాసుకునేవాణ్ణి. ఒక సెమిస్టరంతా టైట్రేషన్ నా చేత్తో చేయలేదు. పరీక్షలో మొదటిసారి బ్యూరెట్టు పట్టుకున్నప్పుడు నా చెయ్యి వణికింది. "ఇంత కూడా రాదా?" అన్నారు బయటి నుంచి వచ్చిన పరీక్షాధికారి.

వీటన్నిటినీ నేను నా లోపాలనే అనుకున్నాను. అందుకని ఒక ఉపాయం కనిపెట్టాను. హాస్టల్ పేరు చెప్పడం మానేశాను. ఎక్కడ చదివావంటే "టౌన్లోనే" అనేవాణ్ణి. ఎక్కడ ఉంటావంటే "మామయ్య వాళ్ళింట్లో" అనేవాణ్ణి. మన హాస్టల్లో ఇచ్చిన ట్రంకు పెట్టె మీద తెల్లరంగుతో రాసిన పేరును బ్లేడుతో గీకేశాను.

నేను ఆఖరి సంవత్సరంలో ఉండగా మన హాస్టల్ నుంచే ఒక తమ్ముడు అదే కాలేజీలో చేరాడు. క్యాంటీన్ దగ్గర నలుగురు స్నేహితులతో ఉన్నాను. దూరం నుంచే చూసి నవ్వుతూ వచ్చి, "అన్నా, నువ్వు మన హాస్టల్ కదా! స్టడీ అవర్లో నాకు లెక్కలు చెప్పావు!" అన్నాడు.

నేను "ఏ హాస్టల్?" అన్నాను.

అతను ఒక్క క్షణం నా ముఖంలోకి చూశాడు. "కాదులే అన్నా, ఇంకెవరో అనుకున్నా" అని వెళ్ళిపోయాడు. నన్ను కాపాడడానికి ఆ అబద్ధం ఆడాడు. ఆరు నెలల తర్వాత చదువు మానేశాడు. ఇంటి దగ్గర ఇబ్బందులు కూడా ఉన్నాయి, కాబట్టి నా వల్లనే మానేశాడని చెప్పలేను. కానీ ఆ కాలేజీలో అతనికి తెలిసిన ముఖం నాదొక్కటే. ఈ మధ్య ఇంటికి వెళ్ళి కలిసి, క్షమించమని అడిగాను. "అవన్నీ ఎందుకన్నా ఇప్పుడు, అన్నం తిను" అన్నాడు.

బాబాసాహెబ్ పేరు దాచింది తలదాచుకోవడానికి వేరే దారి లేక. తర్వాత ఆయన జీవితమంతా ఎవరూ పేరు దాచుకోనక్కరలేని రోజు కోసం పనిచేశారు. నేను దాచింది మాత్రం ఒక తమ్ముడికి చోటు లేకుండా చేసింది. ఇది రాయడం నాకు సులువు కాదు. అయినా రాయకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు.

ఇది ఒక్క కాలేజీ సంగతి కాదు

2006లో ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల పట్ల వివక్షపై వచ్చిన ఆరోపణలను పరిశీలించడానికి ఆనాటి యూజీసీ అధ్యక్షులు సుఖదేవ్ థోరట్ అధ్యక్షతన కేంద్ర ప్రభుత్వం కమిటీ వేసింది. 2007లో నివేదిక వచ్చింది. వేధింపుల వల్ల ఆ విద్యార్థులు హాస్టళ్ళలో కొన్ని అంతస్తులకే చేరిపోయారని, ఆటల్లో, సాంస్కృతిక కార్యక్రమాల్లో దూరంగా మిగిలిపోయారని, ఉపాధ్యాయుల నుంచి తగిన సహాయం అందటం లేదని అందులో ఉంది. దేశంలోకెల్లా పెద్ద వైద్య కళాశాలలోనే పరిస్థితి ఇది.

2016 జనవరి 17న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో గుంటూరుకు చెందిన పరిశోధక విద్యార్థి రోహిత్ వేములను మనం పోగొట్టుకున్నాం. అంతకు ముందు ఆయనతో సహా ఐదుగురిని హాస్టల్ గదుల నుంచి బహిష్కరించారు. వాళ్ళు అంబేడ్కర్ చిత్రపటం పట్టుకొని వచ్చి ఆరుబయట పడుకున్నారు. ఆ చోటుకు వాళ్ళు పెట్టిన పేరు "వెలివాడ". మన ఊళ్ళలోని మాట విశ్వవిద్యాలయం నడిబొడ్డుకు వచ్చింది. 2019 మే 22న ముంబైలో ఆదివాసీ కుటుంబం నుంచి వచ్చిన పీజీ వైద్య విద్యార్థిని డాక్టర్ పాయల్ తడ్వీ మరణించారు. సీనియర్లు ఆమెను వేధించారని తల్లి ఫిర్యాదు చేయగా కేసు నమోదైంది. రోహిత్ తల్లి రాధిక, పాయల్ తల్లి ఆబిదా కలిసి 2019లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు. తమ పిల్లలు తిరిగి రారని తెలిసీ వాళ్ళు వెళ్ళింది మన కోసం.

మన కులాల వాళ్ళకే ఇలా జరుగుతుందనుకుంటే పొరపాటు. 2014 జనవరిలో అరుణాచల్ ప్రదేశ్ విద్యార్థి నిడో తానియా ఢిల్లీ బజారులో తన జుట్టును వెక్కిరించినవారితో గొడవలో దెబ్బలు తిని చనిపోయాడు. 2022లో కర్ణాటకలో హిజాబ్ వేసుకున్న అమ్మాయిలను కాలేజీ గేటు దగ్గరే ఆపేశారు. ఆ కేసులో 2022 అక్టోబరు 13న సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తులు భిన్నమైన తీర్పులిచ్చారు. కోర్టు వాదన ఎటు పోయినా, పరీక్షల ముందు గేటు బయట నిలబడిన ఆ అమ్మాయిల స్థితి మనకు తెలియనిది కాదు.

చట్టంలో ఏముంది?

పీజీలో చేరాక ఒక పరిశోధక విద్యార్థి నాకు కొన్ని కాగితాలు జిరాక్స్ తీసి ఇచ్చాడు. అవి 2012లో యూజీసీ జారీ చేసిన, ఉన్నత విద్యాసంస్థల్లో సమానత్వాన్ని పెంపొందించే నిబంధనలు. అందులో వివక్ష కింద ఏమేమి వస్తాయో రాశారు. క్లాసులో విద్యార్థి కులాన్నో, మతాన్నో బయటికి ప్రకటించడం. "రిజర్వేషన్ వాళ్ళు" అని ముద్ర వేయడం. మార్కులు తగ్గితే కులమే కారణమన్నట్టు మాట్లాడడం. ల్యాబులోకి రానిచ్చి కూడా పని చేయనివ్వకుండా ఖాళీగా ఉంచడం. విడిగా కూర్చోబెట్టడం.

చదువుతూ ఆగిపోయాను. గుమాస్తా లేచి నిలబడమన్న రోజు అందులో ఉంది. నా బ్యూరెట్టు అందులో ఉంది. మూడేళ్ళు నా సిగ్గు అనుకొని మోసినది, నేను కాలేజీలో చేరకముందే ప్రభుత్వ కాగితం మీద తప్పుగా రాసి ఉంది. నాకు తెలియక ఊరుకున్నాను.

కాబట్టి తమ్ముళ్ళు ఈ కింది విషయాలు నోటుబుక్కులో రాసి పెట్టుకోవాలి.

1. 2012 నిబంధనల ప్రకారం ప్రతి కాలేజీలో సమాన అవకాశాల విభాగం, వివక్ష నిరోధక అధికారి ఉండాలి. ఫిర్యాదుపై ఆ అధికారి 60 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. 2026 జనవరిలో యూజీసీ వీటి స్థానంలో కొత్త నిబంధనలు ప్రకటించింది. అదే నెలలో సుప్రీంకోర్టు కొత్తవాటిని నిలిపివేసి పాతవి కొనసాగాలని చెప్పింది. మీరు చేరే నాటికి ఏవి అమల్లో ఉన్నాయో ముందుగా కనుక్కోండి.

2. ర్యాగింగ్‌పై మనకు 1997 నాటి రాష్ట్ర చట్టం ఉంది. 2009లో యూజీసీ నిబంధనలు వచ్చాయి. 2016 సవరణతో కులం, మతం, ప్రాంతం, రంగు వంటివి పట్టుకొని వేధించడం, వెలివేయడం కూడా ర్యాగింగ్ కిందికే వచ్చింది. హెల్ప్‌లైన్ 1800-180-5522.

3. పదిమంది చూసే చోట కులం పేరుతో కావాలని అవమానిస్తే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తిస్తుంది. హెల్ప్‌లైన్ 14566. ఉచిత న్యాయసహాయానికి 15100.

4. ఏదైనా జరిగిన రోజే తేదీ, సమయం, ఎవరు ఏమన్నారు, ఎవరు చూశారు అన్నవి రాసి పెట్టుకోండి. ఫిర్యాదు రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద ఆఫీసు ముద్ర వేయించుకోండి. నోటిమాటగా చెప్పినదానికి తర్వాత సాక్ష్యం ఉండదు.

5. మనసు మరీ బరువైతే 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ సేవ ఇది, ఖర్చు లేదు. జ్వరం వస్తే ఆస్పత్రికి వెళ్ళడం ఎంత మామూలో ఇదీ అంతే.

చట్టం ఇవ్వలేనిది

చట్టం మనల్ని క్లాసులో నుంచి లేపకుండా ఆపగలదు. మన పక్కన ఎవరినీ కూర్చోబెట్టలేదు. ఆ పని మనుషులే చేయాలి.

పీజీలో నాకు చోటు ఎలా దొరికిందో చెబుతాను. మొదటి ల్యాబు రోజున ఒక అమ్మాయి వచ్చి, "నాకు ఆర్గానిక్ రాదు, నీకు వస్తుందంటగా, జతగా చేద్దామా?" అంది. అంతే. ఆమెది మా కులమూ కాదు, మా జిల్లా కూడా కాదు. కొన్నాళ్ళకు ఎక్కడ చదివావంటే మొదటిసారి "సోషల్ వెల్ఫేర్ హాస్టల్లో" అన్నాను. "అందుకేనా అంత పొద్దున్నే లేస్తావు!" అని నవ్వింది. అన్నేళ్ళు భయపడ్డ మాటకు వచ్చిన జవాబు అది. అందరూ అలాగే ఉంటారని చెప్పను. కానీ అటువంటివాళ్ళు ఎక్కడైనా ఒకరిద్దరు ఉంటారు. మనం పూర్తిగా దాక్కుంటే వాళ్ళు మనకు కనపడరు.

ఇక మన ఇంటి మాట. మన హాస్టల్లో అల్పసంఖ్యాకులెవరో ఎప్పుడైనా ఆలోచించామా? గదిలో ఇరవై మంది ఉంటే అందులో ఒక్క యానాది పిల్లవాడు, ఒక్క చెంచు పిల్లవాడు ఉంటాడు. అతని యాసను వెక్కిరించేదెవరు? మన కులాల్లోనే ఉపకులం పేరు చెప్పి "మీవాళ్ళు, మావాళ్ళు" అని మెస్సులో విడివిడిగా కూర్చునేదెవరు? బయట మనకు ఏది జరిగితే బాధపడతామో లోపల అది మనం చేయకూడదు. చోటు ఇవ్వడం ఇక్కడ నేర్చుకోనివాడికి బయట చోటు అడిగే హక్కు నోట రాదు.

అన్నలకు ఒక విన్నపం

మన హాస్టల్ నుంచి ఏటా కొంతమంది కొత్త కాలేజీలకు వెళతారు. వెళ్ళే తమ్ముడికి ఆ ఊళ్ళో మన అన్న ఎవరున్నారో తెలియదు. ఆఫీసు గదిలో ఒక రిజిస్టరు పెట్టమని వార్డెన్ గారిని అడిగాను, ఒప్పుకున్నారు. పూర్వ విద్యార్థులందరూ పేరు, చదువుతున్న లేదా పనిచేస్తున్న చోటు, ఫోన్ నంబరు అందులో రాయాలి. కాలేజీలో చేరబోయే ప్రతి తమ్ముడు ఆ పేజీ రాసుకొని వెళ్ళాలి. చేరిన మొదటి రోజు ఎవరో ఒక అన్న గేటు దగ్గర ఉండాలి. బస్సు ఖర్చు తప్ప దీనికి వేరే ఖర్చేమీ లేదు.

మొదటి పేజీలో నా పేరు రాశాను. దాని కింద హాస్టల్ పేరు పూర్తిగా రాశాను. మొన్న ఊరికి వెళ్ళినప్పుడు ట్రంకు పెట్టె అటక మీద నుంచి దించి, గీకేసిన చోట మళ్ళీ తెల్లరంగుతో రాయించాను. అక్షరాలు కొంచెం వంకరగా వచ్చాయి, కానీ దూరం నుంచే చదవొచ్చు.

తమ్ముళ్ళారా, మీరు ఏ కాలేజీకి వచ్చినా నన్ను చూస్తే పిలవండి. నలుగురిలో ఉన్నా సరే, గట్టిగా పిలవండి.

జై భీమ్.

– ఒక పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (రసాయన శాస్త్రం)